వేట నిషేధం తర్వాత మొరాయిస్తున్న ఔట్‌బోర్డ్ ఇంజను: పెట్రోలు, ఆయిల్ విషయంలో సలహా కావాలి

ఉప్పాడ తీరం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది కాకినాడ జిల్లా ఉప్పాడ. మా నాన్నగారు, చిన్నాన్న కలిసి ఫైబర్ పడవ మీద వేటకు వెళతారు. దానికి 9.9 హార్స్‌పవర్ టూ-స్ట్రోక్ ఔట్‌బోర్డ్ ఇంజను ఉంది. ఆయిల్‌కు వేరే ట్యాంకు లేదు, పెట్రోలులోనే కలిపి పోయాలి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే వేట నిషేధ కాలంలో ఇంజనును పడవ నుంచి దించి పాకలో ఉంచాము. 24 లీటర్ల ట్యాంకులో సగానికి పైగా ఆయిల్ కలిపిన పెట్రోలు అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు ఇంజను స్టార్టు అవుతోంది, నెమ్మదిగా నడిపినంతసేపు బాగానే ఉంటోంది. థ్రాటిల్ పూర్తిగా తిప్పితే మాత్రం కొద్దిసేపటికే బలం తగ్గి ఆగిపోతోంది. ట్యాంకు నుంచి వచ్చే పైపు మధ్యలో ఉన్న రబ్బరు బల్బును చేత్తో నొక్కుతూ ఉంటే మళ్లీ పుంజుకుంటుంది, నొక్కడం ఆపితే తగ్గిపోతుంది. ఎంతసేపు నొక్కినా ఆ బల్బు గట్టిపడటం లేదు. ప్లగ్గులు మార్చినా తేడా కనిపించలేదు. ఒడ్డున అలలు విరిగే చోట ఇంజను ఆగితే పడవ అడ్డం తిరిగి బోల్తా పడే ప్రమాదం ఉంది కాబట్టి, ఇది సరిపడే వరకు నాన్నగారిని సముద్రం మీదకు పంపడం నాకు ఇష్టం లేదు.

నా సందేహాలు మూడు. పాత పెట్రోలులో కొత్త పెట్రోలు కలిపి వాడుకోవచ్చా? ఇంజనుతో ఇచ్చిన పుస్తకంలో పెట్రోలు, ఆయిల్ 50:1 పాళ్లలో కలపమని ఉంది. మా వీధిలో పెద్దవాళ్లు ఆయిల్ ఎంత ఎక్కువ పోస్తే ఇంజనుకు అంత రక్ష అంటారు, మోటార్ సైకిల్ టూ-టీ ఆయిల్ కూడా పనికొస్తుందంటారు. ఇది ఎంతవరకు నిజం? మూడోది, కింద ప్రొపెల్లరు దగ్గర గేరు ఆయిల్ కొద్దిగా తెల్లగా కారుతోంది. దాంతో ఈ సీజను నెట్టుకురావచ్చా?

హార్బర్ మెకానిక్, కాకినాడ

ముందుగా ఒక చిన్న పరీక్ష చేయండి. ట్యాంకును కదపకుండా, సన్నని గొట్టంతో అడుగు భాగం నుంచి అర లీటరు పెట్రోలు తీసి తెల్లటి గాజు సీసాలో పోసి, అరగంట నీడలో ఉంచండి. అడుగున వేరే పొర ఏర్పడి, రెండింటి మధ్య గీత కనిపిస్తే ఆ పెట్రోలు చెడిపోయినట్టే. మీరు వేసిన ఆయిల్ రంగు పై పొరలోనే మిగిలి, కింది పొర తెల్లగానో మసకగానో ఉంటుంది. అలా కనిపిస్తే ట్యాంకులో ఉన్నదంతా తీసేయాలి. కొత్త పెట్రోలు కలిపితే సరిపోతుందనుకోకండి.

దీనికి కారణం చెబుతాను, ఎందుకంటే మన తీరంలో ఈ సంగతి తెలిసి జాగ్రత్తపడేవారు తక్కువ. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం ఎథనాల్ ఉంటుంది. ఎథనాల్ నీటిని తనలో కలుపుకొంటుంది. కొంత మేరకు అది మంచిదే, ఎందుకంటే ఆ నీరు పెట్రోలుతో పాటే ఇంజనులోకి వెళ్లి ఆవిరైపోతుంది. కానీ దానికి ఒక హద్దు ఉంది. ఆ హద్దు దాటిందా, ఎథనాల్, నీరు రెండూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. ట్యాంకులో పెట్రోలు లాగే గొట్టం ఉండేది కూడా అడుగునే. టూ-స్ట్రోక్ ఆయిల్ పెట్రోలులో కరుగుతుంది తప్ప ఈ ఎథనాల్-నీటి పొరలో సరిగా కరగదు. అంటే ఇంజను అడుగు పొరను లాగుతున్నంతసేపూ క్రాంకు బేరింగులకు, పిస్టనుకు అందాల్సిన ఆయిల్ అందదు. ఫోర్-స్ట్రోక్ ఇంజనైతే కింద సంపులో ఆయిల్ వేరేగా ఉంటుంది కాబట్టి ఆగిపోయి ఊరుకుంటుంది. మీ రకంలో పెట్రోలే ఆయిల్‌ను మోసుకెళ్లాలి కాబట్టి పిస్టను పట్టేసే ప్రమాదం ఉంది. పై పొర కూడా మీరు పోసినప్పటి పెట్రోలులా ఉండదు. ఎథనాల్ వెళ్లిపోవడంతో దాని ఆక్టేన్, అంటే వేళకు ముందే మండిపోకుండా తట్టుకునే గుణం, పడిపోతుంది, థ్రాటిల్ తిప్పినప్పుడు లోపల కొట్టుకున్న శబ్దం వస్తుంది.

నీరు ఎలా చేరిందని మీరు అడగవచ్చు. సముద్రపు గాలిలో తేమ కొంత కారణమే గానీ, నా దగ్గరకు వచ్చే ట్యాంకుల్లో ఎక్కువ వాటికి మూత కింది రబ్బరు వాషరు చిట్లి ఉంటుంది, లేదా మూత మీద ఉండే గాలి స్క్రూ తెరిచి వదిలేసి ఉంటారు. వానో, తుంపరలో మూత మీద పడి, చుట్టూ ఉన్న గాడిలో నిలిచి, అక్కడి నుంచి నెమ్మదిగా లోపలికి దిగుతాయి. పెట్రోలు తెచ్చే క్యాన్లను కడిగి ఆరబెట్టకుండా వాడటం మరో కారణం.

ఇక మీ ఇంజను ఆగిపోవడం గురించి. బల్బు నొక్కితే పుంజుకుంటోంది, వదిలితే తగ్గుతోంది అన్నారు. ఇది చాలా విలువైన సూచన. ఇంజను మీద ఉన్న ఫ్యూయల్ పంపు చేయాల్సిన పనిని మీ చెయ్యి చేస్తోందన్నమాట. అంటే పంపు బలహీనపడింది, లేదా పంపు వరకు వచ్చే దారిలో ఎక్కడో గాలి లాగుతోంది. బల్బు అసలు గట్టిపడటం లేదు కాబట్టి గాలి లీకును, బల్బు లోపలి వాల్వులను కూడా అనుమానించాలి. బల్బు లోపలికి అతుక్కుపోయి చప్పిడిగా అయితే అది వేరే జబ్బు. అప్పుడు ట్యాంకు వైపున అడ్డంకి ఉన్నట్టు, అంటే గాలి స్క్రూ మూసి ఉండటమో, లాగే గొట్టం చివర జాలీ మూసుకుపోవడమో అయి ఉంటుంది.

ట్యాంకు దగ్గర మొదలుపెట్టి ఇంజను వైపు రండి, ఇంజను నుంచి ట్యాంకు వైపు వెళ్లకండి. ట్యాంకుకు, ఇంజనుకు పైపు తగిలించే కనెక్టర్లలో చిన్న రబ్బరు రింగులు ఉంటాయి, అవి నొక్కుకుపోతే పెట్రోలు బయటికి కారదు గానీ గాలి మాత్రం లోపలికి వెళుతుంది. అందుకే కారడం లేదు కదా అని లీకు లేదనుకోకూడదు. బల్బు మీద బాణం గుర్తు ఇంజను వైపు ఉండాలి, నొక్కేటప్పుడు బాణం పైకి ఉండేలా నిలువుగా పట్టుకోవాలి. పైపును వేళ్లతో వంచి చూడండి, పగుళ్లు కనిపించినా, లోపలి పొర ఊడి వస్తున్నా మార్చేయండి. తోటలో వాడే ప్లాస్టిక్ గొట్టం మాత్రం ఎన్నడూ వేయవద్దు. ఆ తర్వాత ఇంజను మూత కింద ఉన్న చిన్న ఫిల్టరు, చివరగా పంపు చూడండి.

పంపులో ఉండేది డయాఫ్రం అనే పలుచటి, సాగే పొర. టూ-స్ట్రోక్ ఇంజనులో పిస్టను కదలికకు క్రాంక్‌కేసులో పెరిగి తగ్గే ఒత్తిడే దాన్ని ఆడిస్తుంది. అది బిగుసుకుపోయినా, సూదిమొనంత రంధ్రం పడినా పంపు సరిపడా పెట్రోలు ఇవ్వలేదు. విప్పి వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. కొత్త కిట్టు దొరుకుతుంది, ధర ఎక్కువ కాదు. పంపు విప్పినప్పుడే కార్బురేటరు కింద ఫ్లోటు గిన్నె స్క్రూ తీసి అందులో ఉన్నది గాజు సీసాలోకి దించి చూడండి. నీటి బొట్లు, తెల్లటి పొడి, జిగట కనిపిస్తే కార్బురేటరు విప్పి శుభ్రం చేయాలి. జెట్లను స్ప్రేతో, గాలితోనే శుభ్రం చేయండి. ఇనుప తీగ పెట్టి పొడిస్తే ఇత్తడి రంధ్రం పెద్దదై, ఆ జెట్టు ఇక కొలతకు రాదు.

తీసేసిన పెట్రోలును ఇసుకలో గాని, నీళ్లలో గాని పారబోయకండి. మూత బిగించిన క్యానులో పెట్టి, వాడిన ఆయిల్ కొనుక్కునే వర్క్‌షాపుకు ఇవ్వండి.

విశ్రాంత ఇంజనీరు, విశాఖ

పై సమాధానం సమగ్రంగా ఉంది. ఆయిల్ సంగతి నేను చెబుతాను.

50:1 అంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల ఆయిల్. మీ 24 లీటర్ల ట్యాంకుకు 480 మిల్లీలీటర్లు. కొత్త ఇంజనును మొదటి కొన్ని గంటలు నడిపేటప్పుడు దానికి రెట్టింపు, అంటే 25:1 పాళ్లలో కలపమని చాలా పుస్తకాలు చెబుతాయి. ఆ గడువు దాటాక కూడా అదే పాళ్లు కొనసాగించేవారు మన దగ్గర చాలామంది ఉన్నారు. ఎక్కువ పోస్తే రక్ష అనే మాట పెద్దల అనుభవంలోంచి వచ్చినదే, పాతకాలపు ఇంజన్లకు అది చాలావరకు వర్తించేది. కానీ కార్బురేటరు జెట్టులోంచి ఒక నిమిషంలో దిగే ద్రవం పరిమాణం దాదాపు స్థిరం. అందులో ఆయిల్ వాటా పెరిగితే పెట్రోలు వాటా తగ్గుతుంది, గాలి పాలు పెరుగుతుంది, లోపల వేడి పెరుగుతుంది. రక్షణ కోసం పోసిన ఆయిలే పిస్టనును వేడెక్కిస్తుందన్నమాట. దీనికి తోడు ప్లగ్గు నల్లబడుతుంది, రింగులు గాడిలో మసి పట్టి బిగుసుకుపోతాయి. 20 శాతం ఎథనాల్ ఉన్న పెట్రోలు తనంతట తానే మిశ్రమాన్ని కొంత పలుచన చేస్తుంది, ఎందుకంటే ఎథనాల్‌లో ఆక్సిజన్ ఉంది. ఔట్‌బోర్డ్ ఇంజన్ల పుస్తకాల్లో సాధారణంగా 10 శాతం ఎథనాల్ వరకే అనుమతి కనిపిస్తుంది. ఈ పరిస్థితిలో పుస్తకం చెప్పిన పాళ్లను కచ్చితంగా పాటించడం మునుపటి కంటే ఇప్పుడు మరింత అవసరం. కొలత గ్లాసు ఒకటి పెట్రోలు క్యానుతో పాటే ఉంచుకోండి, సీసా మూతలతో అంచనాలు వేయవద్దు.

మోటార్ సైకిల్ ఆయిల్ వాడవద్దు. ఔట్‌బోర్డ్ టూ-స్ట్రోక్‌కు టీసీ-డబ్ల్యూ3 గుర్తు ఉన్న ఆయిలే వాడాలి. మోటార్ సైకిల్ ఇంజను గాలితో చల్లబడుతుంది, బాగా వేడి మీద నడుస్తుంది, ఆ వేడికి తగినట్టు దాని ఆయిల్‌లో కాలితే బూడిద మిగిల్చే లోహ పదార్థాలు కలుపుతారు. సముద్రపు నీటితో చల్లబడే మీ ఇంజను అంత వేడెక్కదు, పైగా గంటల తరబడి ఒకే వేగంతో నడుస్తుంది. ఆ బూడిద ప్లగ్గు మీద, పిస్టను తల మీద పేరుకుని మధ్యలో ఒక చోట నిప్పులా కాలుతూ ఉంటే, ప్లగ్గు మెరుపుకు ముందే పెట్రోలు మండిపోతుంది. టీసీ-డబ్ల్యూ3 ఆయిల్ బూడిద మిగల్చకుండా తయారవుతుంది, తుప్పును ఆపే పదార్థాలు కూడా అందులో ఉంటాయి.

కలిపేటప్పుడు ఖాళీ ట్యాంకులో ముందుగా ఆయిల్, దాని మీద కొద్దిగా పెట్రోలు పోసి బాగా కుదిపి, తర్వాత మిగిలిన పెట్రోలు పోయండి. ఈ పని పడవలో కాక ట్యాంకును నేల మీద పెట్టి చేయండి. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది, పడవ అడుగున చేరి నిలిచిపోతుంది. పడవలోనే పొయ్యి వెలిగించి అన్నం వండుకునే అలవాటు మనవాళ్లకు ఉంది కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

గేరు ఆయిల్ తెల్లబడిందంటే నీరు చేరింది, అది సీజను ఆఖరు దాకా ఆగే సమస్య కాదు. ప్రొపెల్లరు తీసి చూడండి. షాఫ్టుకు నైలాను వలదారం చుట్టుకుని, సీలు పెదవి కిందికి చొచ్చుకుపోయి దాన్ని కోసేసి ఉంటుంది, మన తీరంలో గేరు బాక్సులోకి నీరు చేరడానికి మొదట అనుమానించాల్సింది ఇదే. దారం తీసి సీలు మార్చాకే కొత్త ఆయిల్ పోయాలి. పాతది దించేటప్పుడు ఇంజనును నిలువుగా ఉంచి కింది స్క్రూ, ఆ తర్వాత పై స్క్రూ విప్పండి. స్క్రూ చివర అయస్కాంతం ఉంటే దానికి అంటిన బూడిద రంగు ముద్ద మామూలే, వేలికి గుచ్చుకునే ముక్కలు వస్తే మాత్రం గేర్లు విప్పాలి. కొత్త ఆయిల్‌ను కింది రంధ్రం నుంచే పైకి ఎక్కించాలి. పై నుంచి పోస్తే లోపల గాలి చిక్కుకుంటుంది. పై రంధ్రం నుంచి బుడగలు లేకుండా ఆయిల్ పొర్లాక ముందు పై స్క్రూ బిగించి, అప్పుడు కింది గొట్టం తీసి ఆ స్క్రూ బిగించండి. రెండు స్క్రూల వాషర్లూ ప్రతిసారీ కొత్తవి వేయాలి.

ఉప్పాడ తీరం

ఇద్దరికీ కృతజ్ఞతలు. సీసా పరీక్షలో అడుగున రెండు వేళ్ల మందాన మసక పొర స్పష్టంగా విడిపోయింది, పైన ఆయిల్ నీలిరంగు అలాగే ఉంది. ట్యాంకు ఖాళీ చేసి ఆరబెట్టాము. ఇంజను వైపు కనెక్టరు రింగు నొక్కుకుపోయి ఉంది. పంపు డయాఫ్రం అట్టముక్కలా బిగుసుకుపోయింది. రెండూ మార్చి, కార్బురేటరు శుభ్రం చేయించాక బల్బు నాలుగు నొక్కులకే గట్టిపడుతోంది, డ్రమ్ము నీళ్లలో పెట్టి నడిపితే ఎక్కడా తగ్గలేదు. ప్రొపెల్లరు వెనక నిజంగానే వలదారం చుట్టుకుని ఉంది, సీలు తెప్పిస్తున్నాము.

ఇంకో సంగతి. మా పక్కింటి మావయ్యది ఫోర్-స్ట్రోక్ ఇంజను. ఆయిల్ తగ్గాల్సింది పోయి కొలకర్ర మీద మట్టం పెరుగుతోంది, వాసన చూస్తే పెట్రోలు వాసన వస్తోంది. ఆయిల్ ఎక్కువైతే మంచిదేగా అని ఆయన వదిలేశారు. ఇది ప్రమాదం కాదా?

గాల్వెస్టన్ నుంచి

నేను అమెరికాలో టెక్సస్ తీరంలో ఉంటాను. సొంతూరు భీమునిపట్నం. ఇక్కడి బంకుల్లో 10 శాతం ఎథనాల్ చాలా ఏళ్లుగా మామూలే. 15 శాతం పెట్రోలు అమ్మే పంపు మీద దాన్ని పడవల్లో వాడకూడదని ప్రభుత్వం లేబులే అంటిస్తుంది. మీకు 20 శాతం వచ్చింది కాబట్టి ఇక్కడివాళ్లు నేర్చుకున్న జాగ్రత్తలు మీకు ఇంకా ఎక్కువ అవసరం.

మీ మావయ్యగారిని వదిలేయవద్దని చెప్పండి. ముందు ఇంజనును పైకి లేపి కాకుండా నిట్టనిలువుగా ఉంచి, కొంతసేపు ఆగాక మట్టం చూడమనండి, వాలుగా ఉన్నప్పుడు కొలత తప్పుతుంది. అప్పటికీ పెరిగి ఉండి, పెట్రోలు వాసన వస్తుంటే సిలిండరు గోడల మీద కాలని పెట్రోలు రింగులు దాటి ఆయిల్‌లోకి దిగుతున్నట్టు. వల వేస్తూ, తీస్తూ గంటల తరబడి నెమ్మదిగా నడిపే ఇంజను సరిగా వేడెక్కదు, అందుకే వేట పడవల్లో ఇది తరచూ వస్తుంది. చల్లబరిచే నీటిని ఇంజను వేడిని బట్టి వదిలే వాల్వు, అంటే థర్మోస్టాట్, తెరుచుకుని ఇరుక్కుపోతే ఇంజను ఎప్పుడూ చల్లగానే ఉండి ఇదే జరుగుతుంది. కార్బురేటరు రకం ఫోర్-స్ట్రోక్‌లో పంపు డయాఫ్రం చిరిగితే పెట్రోలు నేరుగా ఆయిల్‌లోకి వెళుతుంది. పలుచబడిన ఆయిల్ బేరింగుల మధ్య పొరగా నిలవదు కాబట్టి మట్టం పెరిగిన కొద్దీ రక్షణ తగ్గుతుంది. పంపు, థర్మోస్టాట్ చూపించి, ఆయిల్, ఫిల్టరు మార్పించాలి. తిరుగు ప్రయాణంలో కొంతసేపైనా ఇంజనును మంచి వేగంతో నడపాలి. ఆయిల్ ఎఫ్‌సీ-డబ్ల్యూ గుర్తు ఉన్నదై ఉండాలి, ఎక్కువ ఇంజన్లకు 10డబ్ల్యూ-30 సరిపోతుంది. మార్చే గడువు సాధారణంగా 100 గంటలు లేదా ఏడాది, ఏది ముందైతే అది.

ట్యాంకుకు, ఇంజనుకు మధ్య నీటిని వేరు చేసే 10 మైక్రాన్ల ఫిల్టరు ఒకటి బిగించుకోండి. కింద పారదర్శకమైన గిన్నె ఉన్న రకమైతే నీరు చేరడం కంటికి కనిపిస్తుంది. విడిపోయిన ఎథనాల్ పొరను ఇది పూర్తిగా ఆపుతుందని మాత్రం అనుకోకండి. ఇక నిషేధ కాలానికి నా సలహా: ట్యాంకును దాదాపు నింపి, పెట్రోలు స్టెబిలైజరు కలిపి ఉంచండి. ఖాళీ చోటు తక్కువైతే లోపల తేమ పట్టడానికి ఆస్కారం తక్కువ. ఇక్కడ చలికాలమంతా మేము అలాగే ఉంచుతాము.

హార్బర్ మెకానిక్, కాకినాడ

గాల్వెస్టన్ మిత్రుడి ఆఖరి సలహా పడవలో శాశ్వతంగా బిగించిన పెద్ద ట్యాంకులకు సరైనదే. చేత్తో మోసే చిన్న ట్యాంకుకు మాత్రం నేను ఒప్పుకోలేను. ఆయన ఉంచేది చలికాలంలో, మనం ఉంచాల్సింది ఏప్రిల్, మే ఎండల్లో, అదీ తాటాకు పాకలో, వంటింటికి పక్కన. 61 రోజుల పాటు 24 లీటర్ల పెట్రోలు అక్కడ ఉంచడం నాకు సమ్మతం కాదు. స్టెబిలైజరు పెట్రోలు జిగట పట్టడాన్ని ఆలస్యం చేస్తుంది గానీ, విడిపోయిన పొరలను మళ్లీ కలపదు. నిషేధానికి ముందు ఆఖరి వారంలో ఏ పూట పెట్రోలు ఆ పూటకే తెచ్చుకుని, మిగిలినది దించేసి, ట్యాంకును ఆరబెట్టి, మూత, గాలి స్క్రూ బిగించి పెట్టండి.

ఇంజనును దించే రోజు డ్రమ్ములో మంచినీళ్లు పోసి, అందులో నడుపుతూ ఉప్పు కడిగేయండి. ఆ నడుస్తున్నప్పుడే కార్బురేటరు నోట్లోకి ఫాగింగ్ ఆయిల్ (లోపలి భాగాలకు తుప్పు పట్టకుండా పూతలా అంటుకునే స్ప్రే) కొట్టి ఆపి, ఆ తర్వాత ఫ్లోటు గిన్నె స్క్రూ విప్పి పెట్రోలు దించేయండి. పైపు పీకి, పెట్రోలు అయిపోయి ఆగేదాకా నడిపే పద్ధతి టూ-స్ట్రోక్‌కు మంచిది కాదు, ఆఖరి క్షణాల్లో పెట్రోలుతో పాటు ఆయిల్ కూడా అందదు. గేరు ఆయిల్ నిషేధం ముగిశాక కాదు, మొదలయ్యే ముందే మార్చండి, నీరు చేరి ఉంటే ఆ రెండు నెలలు బేరింగులు నీటిలో నానకుండా ఉంటాయి.

ఖర్చు తగ్గుతుందని పెట్రోలు ఇంజనులో కిరోసిన్ కలిపేవారు మీ రేవులో ఉంటే వారికీ చెప్పండి. కిరోసిన్ కోసం తయారైన ఔట్‌బోర్డ్‌లో కంప్రెషన్ తక్కువగా ఉంటుంది. అది కూడా పెట్రోలు మీద స్టార్టయి, వేడెక్కాక కిరోసిన్‌కు మారి, ఆపే ముందు మళ్లీ పెట్రోలుకు రావాలి. మామూలు పెట్రోలు ఇంజను ఆ తక్కువ ఆక్టేన్‌ను తట్టుకోలేదు.

సీలు వచ్చాక గేరు ఆయిల్ పోసి, ఒక గంట నడిపి, కింది స్క్రూ కొద్దిగా వదులు చేసి నాలుగు చుక్కలు దించి చూడండి. రంగు మారకపోతే నాన్నగారిని నిశ్చింతగా పంపవచ్చు. మొదటి రెండు మూడు రోజులు ఒడ్డు కనుచూపులో ఉండేంత దూరంలోనే వేట చేయమనండి, తెడ్లు పడవలోనే ఉంచమనండి.